రెండు సుడులు

"పారిస్‌ల పూలమ్మే ముసలామె బొమ్మ దించినవు గద సారూ. మా దానియేలును గూడ దించు," అంటూ ఎలీశమ్మ కాగితం తెచ్చి చక్రపాణి ఒళ్లో పెట్టింది.

బయట చక్రపాణి సామానుతో విజయవాడ వెళ్లే లారీ హారన్ కొడుతోంది. అరవై తొమ్మిది తెలంగాణ గొడవలు ముదిరాక దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికున్న ఆంధ్రావాళ్లు ఒక్కొక్కరే ఇళ్లు ఖాళీ చేస్తున్నారు. అతనికి ఇల్లు కిరాయికిచ్చిన ఎలీశమ్మ కొడుకు దానియేలు మొన్న ఊరేగింపులో పోలీసు తూటాకు పోయాడు. కొడుకుది ఒక్క ఫోటో కూడా లేదు.

"ముక్కు ఎలా ఉండేదమ్మా?"

"నన్నడుగుతవేంది? రెండేండ్లు నీ ఎదురుంగనే కూసుండె గద!"

నిజమే. చక్రపాణి విదేశాలు తిరిగి గీసుకొచ్చిన బొమ్మల్ని చూడ్డానికి దానియేలు రోజూ వచ్చేవాడు. అతను బొమ్మల్ని చూసేవాడు. చక్రపాణి కూడా బొమ్మల్నే చూసుకునేవాడు.

ఎన్నిసార్లు గీసినా రోములో చూసిన ముక్కే వస్తోంది. చెరిపేశాడు. చివరికి చేతికి గుర్తున్నంత వరకే గీశాడు. బొమ్మల మీదికి వంగిన తల, నడినెత్తిన రెండు సుడులు.

ఎలీశమ్మ సుడుల మీద వేలు పెట్టింది.

"మావోడే! రెండు సుడులున్నయి, రెండు పెండ్లిళ్లయితయిరా అని నవ్వుతుంటిమి. ఒక్కటన్న కాకపాయె."

లారీ మళ్లీ హారన్ కొట్టింది. ఆమె కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూసింది, వెనక్కి తిప్పి చూసింది, తిరిగి అతని చేతికే ఇచ్చింది.

"మంచిగ దించినవు సారూ. జర తల ఎత్తమను."