బండ మీద గురువు

వాగు దాటుతుంటే గుర్రం మీంచి పడ్డప్పటి నుంచి కోతి మళ్లీ గుర్రమెక్కలేదు. ఒడ్డున బండ మీద కూర్చుని, స్వారీ ఎలా చేయాలో కుందేళ్లకు పాఠాలు చెప్పేది.

"ఆరోజు నా తప్పేం లేదు. ఆ గుర్రానికే నడక రాదు," అనేది. కుందేళ్లు భక్తిగా తలలూపేవి.

ఒకనాడు ఆ మాట గుర్రం చెవిన పడింది.

"ఆరోజు నేనూ పడ్డాను కోతి బావా. మోకాలు దోక్కుపోయింది. అయినా మర్నాడే ఈ వాగు దాటాను. నువ్వింకా బండ దిగలేదు," అంది.

కోతి బండ దిగింది. వణుకుతూనే గుర్రమెక్కి, జూలు గట్టిగా పట్టుకుంది. గుర్రం మెల్లగా నీళ్లలోకి దిగింది. అవతలి ఒడ్డు చేరేసరికి కోతికి వణుకు తగ్గింది. ఇంకోసారి దాటుదామని అడిగింది.

కుందేళ్లకు మాత్రం ఇది నచ్చలేదు. "గురువుగారు చెడిపోయారు," అనుకుంటూ, గుర్రమెక్కని ఇంకో గురువును వెతుక్కుంటూ వెళ్లిపోయాయి.