అక్విడెక్టులో కొబ్బరిపీచు

గోదావరిపాయ మీదుగా లంక పొలాలకు కాలువ నీళ్లు మోసుకెళ్లే పాత అక్విడెక్టు పగులులో కాలువ పనులు చూసే లస్కరు సూరప్పడు మళ్లీ కొబ్బరిపీచు కూరాడు. కాపలా రోబో వచ్చి, పీచంతా పీకి, పగులు శుభ్రంగా తుడిచి వెళ్లింది. నీళ్లు మళ్లీ ఏటిపాలయ్యాయి.

"లస్కరుగారూ, లంకలో మా నారు ఎండిపోతందండి. ఆ రోబోకి చెప్పండి," అంది రైతు వీరవేణి.

"పొద్దుట్నించీ నాలుగుసార్లు చెప్పేనమ్మా. ఇది చారిత్రక కట్టడం అంటది. దాని దగ్గరున్న ఫొటోలో ఎలాగుందో అలాగే ఉండాలంట. అందులో పీచు లేదంట."

"ముప్పై ఏళ్లుగా మీరు కూరతానే ఉన్నారు గదండీ. ఫొటోలో ఎందుకు లేదు?"

సూరప్పడు చేతిలో మిగిలిన పీచును నేలకేసి కొట్టాడు.

"ఫొటో తీసే రోజున చూడ్డానికి బాగుండాలని నేనే పీకేసేనమ్మా."