మూడో చప్పుడు

“ఇది కారు కాదమ్మా, మిక్సీ!” డ్రైవరు సీట్లో, కళ్ళకి కట్టిన గుడ్డ విప్పకుండానే తేల్చేశాడు పిస్టన్ బాబాయ్.

వెనక సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సౌండ్ ఇంజనీరు మొదటి చప్పుడు ఆపేసింది. ఆమె పక్కనున్న కంపెనీ డైరెక్టరు చురచురా చూశాడు.

ఇరవై రెండేళ్ళ కిందట ఆగిపోయిన ‘మిడత’ కారు మళ్ళీ వస్తోంది. అదే పొట్టి ఒళ్ళు, అవే గుండ్రటి లైట్లు. కాకపోతే ఈసారి బ్యాటరీ బండి. ఇంజను లేదు, చప్పుడూ లేదు. ఆ సంగతి బయటికి రాగానే పాత మిడతల ఓనర్ల సంఘం భగ్గుమంది. మోత లేని మిడతని కొనడం కంటే ఇంట్లో బీరువాకి చక్రాలు పెట్టుకుంటామని ఉత్తరాలు రాసింది. సరే, పాత చప్పుడునే స్పీకర్లలో వినిపిద్దామనుకుంది కంపెనీ. రెండేళ్ళుగా ఆమె పని అదే.

ఇప్పుడు తీర్పు ఆ సంఘం పెద్ద పిస్టన్ బాబాయ్‌ది. జీవితమంతా మిడతలు విప్పి బిగించిన మెకానిక్కు. ఆయన ఊఁ అంటే నాలుగు వేలమంది సభ్యులు కారు బుక్ చేస్తారు. ఊహూఁ అంటే కారు మూగగానే బయటికొస్తుంది. ఆమె మళ్ళీ పాత ఉద్యోగానికి, వాషింగ్ మెషీన్లకి కూతలు కట్టడానికి వెళ్ళిపోవాలి.

“రెండోది పెట్టు తల్లీ.”

పెట్టింది. ఆయన అర నిమిషం కూడా వినలేదు.

“కంప్యూటర్లో పుట్టింది కదూ? జలుబు చేసిన తుమ్మెదలా ఉంది. ఇక దిగనా?”

“ఇంకోటుందండీ,” అందామె గబుక్కున.

“ఇంకోటేంటి? మనం అనుకున్నవి రెండే కదా?” డైరెక్టరు ఆమె చెవిలో గొణిగాడు.

“ఒక్కసారి విననివ్వండి సార్, ప్లీజ్.”

మీట నొక్కింది. స్పీకర్లలో ఓ గుర్రు మొదలైంది. మెల్లగా పైకి లేచింది, ఓ క్షణం ఊపిరి తీసుకుంది, మళ్ళీ అందుకుని ఇంకా పైకి దూకింది.

పిస్టన్ బాబాయ్ ఎడమ కాలు, ఆ కారులో లేని క్లచ్చిని తొక్కింది. చెయ్యి, అక్కడ లేని గేరు రాడ్డు కోసం తడుముకుంది.

“ఆపకు... ఆపకమ్మా.”

చప్పుడు ఆగాక ఆయన గుడ్డ విప్పాడు. అది తడిసి ఉంది.

“ఇదీ మిడతంటే! మూడో గేరుకి ముందు ఊపిరి పీల్చింది, విన్నారా? ఎక్కడో కాస్త గాలి లీకవుతోంది కూడా. ఓనరు ఒట్టి బద్ధకస్తుడు. ఎవరమ్మా ఆయన?”

“మా నాన్నండీ. చిన్నప్పుడు రోజూ నన్ను స్కూల్లో దింపేవాడు.”

“ఏ సంవత్సరం మోడలు?”

“అవన్నీ నాకు తెలీదండీ. పైన కప్పుండేది కాదు. గాలి మొహాన కొట్టేది.”

“ఓపెన్ టాపా!” బాబాయ్ సీట్లో ఎగిరిపడ్డాడు. “మొత్తం నలభై చేశారంతే! నడుస్తుందా ఇంకా?”

“నడుస్తుంది. ఎత్తెక్కితే రొప్పుతుంది.”

“రొప్పదూ మరి! సరేగానీ, ఆ మొదటి మిక్సీ ఎవరిది?”

డైరెక్టరు తల గోక్కున్నాడు. “అది... మా మ్యూజియంలో ఉన్న అసలు మిడతదండీ. ఎనిమిది మైకులు పెట్టి రికార్డు చేశాం.”

బాబాయ్ మాత్రం తగ్గలేదు.

“అద్దాల గదిలో పెట్టి తుడుస్తూ కూర్చుంటే ఏ బండైనా మాట మర్చిపోతుంది సార్. ఈ మూడోది మనిషిని ఎక్కించుకుని తిరిగింది. ఆ తేడా నా చెవికి తెలుస్తుంది.” తర్వాత ఆమె వైపు తిరిగాడు. “కానీ ఇంకోటి కావాలి. చలికాలం పొద్దున్నే స్టార్టు చేస్తే మిడత రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకునేది. రేపు పదింటికల్లా అది వినిపిస్తే సంతకం పెడతాను. లేదంటే లేదు.”

ఆయన దిగి వెళ్ళగానే డైరెక్టరు ఆమెని పట్టుకున్నాడు. “ఇప్పుడే ఇంటికెళ్ళండి. మన మెకానిక్కుల్ని ఇద్దర్ని పంపనా?”

“వద్దు సార్. పరాయివాళ్ళుంటే మొరాయిస్తుంది.”

దీపాలు పెట్టే వేళకి ఆమె మూడంతస్తుల మెట్లూ పరుగున ఎక్కింది. నాన్న మంచం మీద కూర్చుని గళ్ళనుడికట్టు నింపుతున్నాడు.

“నాన్నా, బండి ఇంకోసారి తియ్యాలి.”

“మళ్ళీనా? పోయిన వారమేగా తీశాం. ఏమన్నాడు మీ పెద్దాయన?”

“విని ఏడ్చాడు.”

“అయ్యో, అంత బాలేదా?”

“అంత బాగుంది! ఇప్పుడు చలిలో స్టార్టు చేసినప్పటి చప్పుడు కావాలట. రెండుసార్లు దగ్గాలి.”

“దగ్గడానికేం, రోజూ చేసే పనేగా,” నవ్వాడు నాన్న. “మరి పక్కింటివాళ్ళు?”

“తలుపులేస్తాలే. నాకోసం నాన్నా, ఒక్కసారి.”

“స్కూలుకి టైమైపోయినప్పుడు కూడా ఇలాగే అనేదానివి. సరే, పద.”

నాన్న కట్టుడు పళ్ళు తీసి గ్లాసులో వేసి, అప్పట్లో ఆమెని స్కూలుకి మోసిన భుజాలు సర్దుకుని, మైకు ముందు పెదాలు బిగించి, ఇంజను స్టార్టు చేశాడు.