క్షేమం ఎక్కడుంది?

"ఈ నిఘంటువు దండగ. ఇందులో క్షేమమే లేదు!"

పాత పుస్తకాల షాపులో డ్రైవింగ్ మాస్టారి అరుపుకి కౌంటర్ దగ్గరున్నావిడ ఉలిక్కిపడింది.

మాస్టారు కుడికాలితో నేలను గట్టిగా నొక్కారు. చిరాకేస్తే లేని బ్రేకు తొక్కడం ఆయనకు వృత్తిలో అబ్బిన అలవాటు.

అసలు ఆ క్షేమం కోసమే ఇంత దూరం వచ్చారు. కుశలమన్నా క్షేమమన్నా ఒకటేనని ఆయన, కానే కాదని కూతురు, కంచాల దగ్గర రోజూ ఒకటే తగువు. నర్సు డ్యూటీ చేసొచ్చి ఇద్దరి మధ్యా నలిగిన తల్లి చివరికి చేతులెత్తేసింది.

"మీకు తీర్పు చెప్పడం నా వల్ల కాదు. అలమరలో మందుల డబ్బాలు తీసి ఒక అర ఖాళీ చేస్తాను. నిఘంటువు తెచ్చుకుని దాంతో పోట్లాడండి."

అర ఖాళీ అయింది. అందులోకి ఏం రావాలన్నదే ఇప్పుడు పేచీ. కూతురు ఈ బండ నిఘంటువు పట్టుకుంది. మాస్టారి కన్ను మాత్రం బంగారు రంగు అక్షరాల విజ్ఞాన సర్వస్వాల మీద పడింది.

"మాటలే లేని పుస్తకం మనకెందుకమ్మా? ఇవి తీసుకుందాం. మన కర్టెన్లకు అచ్చంగా సరిపోతాయి."

"కర్టెన్లకా నాయనా పుస్తకాలు కొనేది?"

మూలనున్న స్టూలు మీద ఓ పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో గుడ్డసంచి. మొహం వీధి గుమ్మం వైపు.

"క్షేమం కోసం ఎక్కడ వెతికావు?"

"చివర్నండీ. హ, ళ అన్నీ అయ్యాక."

"బళ్ళో అలాగే అప్పజెప్పించారు. నీ తప్పేం లేదు. కకి ష తగిలిస్తేనే కదా క్ష అయ్యేది? అందుకే నిఘంటువులో క దగ్గరే ఉంటుంది. ఆఖర్న వెతుక్కుంటే క్షేమం ఎవరికి దొరికింది కనక! ఇలా తే."

పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, అంచు మీద బొటనవేలు నడిపించి, ఒకచోట తెరిచింది. మొహం గుమ్మం వైపే ఉంది.

కూతురు వంగి చూసి గంతేసింది. "నాన్నా, ఉంది! ఇదిగో క్షేమం!"

మాస్టారు కూతురి చెవిలో గొణిగారు. "షాపువాళ్ళు పెట్టుకున్న మనిషి. పాత సరుకు అంటగట్టడానికి ఇదో ఎత్తు."

పెద్దావిడ ప్రశ్నలు మొదలుపెట్టింది.

"దీన్ని ఎక్కడ పెడతారు?"

"అలమరలో, పై అరలో," అన్నారు మాస్టారు.

"పై అర వద్దు. చెయ్యందని పుస్తకం ఉన్నా లేనట్టే. పాపా, పేజీ తిప్పడానికి వేలు తడి చేస్తావా?"

"ఛీ, లేదు."

"మాటల కోసం ఇంట్లో పోట్లాడుకుంటారా?"

"రోజూ! అమ్మ పారిపోతుంది."

పెద్దావిడ పకపకా నవ్వింది. "అయితే మంచి ఇల్లే."

సంబంధానికొచ్చినట్టు ఈ ఆరాలేమిటని మాస్టారు మళ్ళీ బ్రేకు తొక్కారు. కానీ కూతురు మొండికేస్తే ఏ బ్రేకూ పనిచేయదు. నిఘంటువే ఖాయమైంది.

తీసుకోబోతే పెద్దావిడ చెయ్యి అట్ట మీదనుంచి వెంటనే లేవలేదు.

"వెళ్ళేముందు ఒక్క మాట. పాపా, 'అప్పగింత' తీసి, అర్థం చదివి వినిపించవూ?"

"మీకు అన్నీ తెలుసు కదండీ, మీరే చూసుకోండి. బండి అడ్డంగా పెట్టి వచ్చాను," అంటూ మాస్టారు పుస్తకాన్ని చంకలో పెట్టుకుని కూతురి చెయ్యి పట్టుకున్నారు.

ఇంటికెళ్ళగానే కుశలానికి నేర్పు అనే అర్థం కూడా ఉందని తేలింది. కూతురు గెలిచింది. మాస్టారు ఓటమిని హుందాగా ఒప్పుకోలేదు కానీ, నిఘంటువుని మాత్రం కింది అరలోనే పెట్టారు. తల్లి ఆ పూట హాయిగా భోంచేసింది. పెద్దావిడ సంగతి విన్నాక మాత్రం ఇద్దరినీ నిలదీసింది.

"పెద్దావిడ నోరు తెరిచి ఒక్క మాట చదవమంటే చదవకుండా వచ్చేశారా? మనుషులేనా మీరు?"

నిజమే అనిపించింది మాస్టారికి. సిగ్గు కూడా వేసింది.

మళ్ళీ ఆదివారం తండ్రీకూతుళ్ళు నిఘంటువు మోసుకుని షాపుకొచ్చారు. దారంతా కూతురు బండి వెనక కూర్చుని వల్లెవేస్తూనే ఉంది. "అప్పగింత: తనదైన దాన్ని నమ్మి మరొకరి చేతికి ఇవ్వడం."

స్టూలు ఖాళీగా ఉంది.

"ఆ అమ్మమ్మ ఇంకా రాలేదా?" అడిగింది కూతురు.

"ఇంక రారమ్మా. చెల్లెలుగారి ఊరికి వెళ్ళిపోయారు, అక్కడే ఉండిపోతారట," అంది కౌంటర్ దగ్గరావిడ.

"ఆవిడ మీ షాపు మనిషి కాదా?" మాస్టారు తెల్లబోయారు.

"భలేవారే! ఊరికే వచ్చి కూర్చునేవారండీ. పైగా నా బేరాలన్నీ చెడగొట్టేవారు. ఈ నిఘంటువు అడిగినవాళ్ళందరికీ ఏదో వంక పెట్టి పంపేశారు. మీరు దీన్ని తీసుకెళ్ళిన రోజు మాత్రం ఎంత సంతోషంగా ఇంటికి వెళ్ళారో!"

కూతురికి ఇంకా ఒకటి అర్థం కాలేదు.

"మరి క్షేమం ఎక్కడుందో చూడకుండానే తీశారు కదా. ఆ ఒక్క మాట నన్నెందుకు చదవమన్నారు?"

కౌంటర్ దగ్గరావిడ నిఘంటువు అట్టను మెల్లగా నిమిరింది.

"ఇది ఆవిడదేనమ్మా, చూపు పోయాక ఇక్కడ పెట్టి, మంచి ఇల్లు దొరికేదాకా దీని పక్కనే కూర్చున్నారు."