కంప్యూటర్ కుదర్చని పెళ్లి

శాలిబండలో కంప్యూటర్ జాతకాల దుకాణం తెరిచిన నెలలోనే గోపాలకృష్ణ పంతులు గడప తొక్కేవాళ్లు తగ్గిపోయారు. పెళ్లి పొంతనలు చూసి బతికే మనిషి ఎన్నాళ్లని ఊరుకుంటాడు? ఒకరోజు తన జాతకం, భార్య గోద జాతకం పట్టుకుని ఆ దుకాణానికే వెళ్లాడు.

యంత్రం గరగరమని కాగితం కక్కింది. వీరిద్దరికీ పొంతన లేదు, పెళ్లి తగదు అని ఉంది అందులో.

పంతులు దాన్ని బజారంతా వినబడేలా చదివాడు. "చూడుండ్రి భాయ్! మా పెళ్లయి ఇరవై ఏండ్లాయె. నా భార్య ఇంకా నా ఇంట్లనే ఉన్నది. గిదీ దీని తెలివి!"

జనం విరగబడి నవ్వారు. వరుసలో నిలబడ్డవాళ్లు అక్కడి నుంచే ఆయన వెంట నడిచారు. పెళ్లి నిలబడినంత మాత్రాన లెక్క తప్పినట్టేనా అని ఎవరికీ అనుమానం రాలేదు.

గోదకు వచ్చింది. అందరూ వెళ్లిపోయాక మంచినీళ్లు అందిస్తూ అడిగింది. "నిజంగనే దాని లెక్క తప్పా?"

పంతులు గొంతు తగ్గించాడు. "తప్పు కాదే. పెళ్లప్పుడు నేను లెక్క కడితే నాకూ గదే వచ్చింది. గందుకే మన జాతకాలు తీసుకపోయిన."

"మరి మా బాపుకు మస్తు కుదిరిందని చెప్తిరి?"

"నిన్ను లాడ్ బజార్‌ల చూసినంక ఇంకేం చెప్పాలె?"

గోద ఖాళీ గ్లాసు అందుకుంది.

"మా బాపుకు జాతకాలు చూడరాదనుకున్నరా? ఆయనకూ గదే వచ్చింది. ఆ మాట బయట పెడితే అన్నం ముట్టనని లొల్లి చేసింది నేను."