ఆసుపత్రి నీళ్లు

ట్యాంకరు రొట్టెల దుకాణం మలుపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా మంచాలు వేసి ఉన్నాయి.

డ్రైవరు బ్రేకు తొక్కాడు. బండి ఉన్నచోటే టక్కున ఆగింది.

మంచాల వెనక జనం. రెండొందల మంది ఉంటారు. ఆడవాళ్ల చంకల్లో బిందెలు, మగవాళ్ల చేతుల్లో కర్రలు, ఒకడి చేతిలో గడ్డపార. ఎవరూ అరవడం లేదు. అతనికి అదే ఎక్కువ భయం వేసింది. అరిచే జనాన్ని ఎలాగోలా సముదాయించవచ్చు.

ట్యాంకు మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న బావమరిది కిటికీ వైపు వంగాడు.

"బావా, వెనక్కి తియ్యి."

డ్రైవరు అద్దంలోకి చూశాడు. వెనక కూడా మంచాలు పడుతున్నాయి.

జలాశయం నెర్రెలిచ్చి నెల దాటింది. రొట్టెల దుకాణం మూతపడి పది రోజులు. పిండి ఉంది, కలపడానికి నీళ్లు లేవు. ఊళ్లో తిరుగుతున్నది ఈ ఒక్క ట్యాంకరే. దాని పక్కన ఎర్రటి అక్షరాలతో 'పిల్లల ఆసుపత్రికి మాత్రమే' అని రాసి ఉంది. నిన్నటిదాకా ఎనిమిది రోజులూ వీళ్లిద్దరినీ ఆ అక్షరాలే కాపాడాయి.

బండి బయల్దేరే ముందు ఊరి నీటి సరఫరా చూసే ఇంజనీరుగారు రోజూ చెప్పేదే ఇవాళా చెప్పారు. దారిలో ఎక్కడా ఆపొద్దు. ప్రాణం మీదికొచ్చినా మూత తియ్యనివ్వొద్దు. తీశారంటే సాయంత్రానికి ఈ ఊరు మిగలదు.

ఆ తర్వాత బావమరిది తడిగోనెతో ట్యాంకు ఒళ్లంతా తుడిచాడు. అదీ ఆయన ఉత్తరువే. ఎండలో ఆ తడి మిలమిలా మెరుస్తుంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసేది. "మన ఉద్యోగం పెళ్లికొడుకుని ఊరేగించినట్టుంది బావా" అనేవాడు బావమరిది. మొదటి రోజు ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

గడ్డపారవాడు కిటికీ దగ్గరికి వచ్చాడు. ఇంటికో చెంబు పోసి నీ దారిన నువ్వు పొమ్మన్నాడు.

"ఇవి పిల్లల వార్డుకి అన్నా."

"మా ఇళ్లల్లో ఉన్నది పిల్లలు కారా? పిల్లికూనలా?"

ఇంతలో వెనకనుంచి ఎవడో ట్యాంకును బాదడానికి రాయెత్తాడు. అది తగిలేలోపే బావమరిది పైనుంచి దూకి వాడి మణికట్టు పట్టుకున్నాడు. వాడు విదిలించుకోబోతే, కొట్టాలనుంటే నన్ను కొట్టు, దాని జోలికి పోకు అన్నాడు.

జనంలోంచి ముసలి మెకానిక్ ముందుకొచ్చాడు. వీధి చివరి షెడ్డు ఆయనదే. నలభై ఏళ్లు లారీల కింద వెల్లకిలా పడుకునే సంసారం ఈదినవాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. వెనక చక్రాల దగ్గర ఆగాడు. వంగి టైర్లు చూశాడు, బరువుకు అణిగే స్ప్రింగు పట్టీలు చూశాడు. మోకాళ్లు పట్టుకుని లేచాడు.

డ్రైవరు అద్దంలోంచి ఆయన్నే చూస్తున్నాడు. అయిపోయింది అనుకున్నాడు.

మెకానిక్ కిటికీ దగ్గరికి వచ్చి సూటిగా కళ్లల్లోకి చూశాడు. డ్రైవరు రెండు చేతులూ జోడించాడు.

"బాబాయ్, నా కూతురు ఆ వార్డులోనే ఉంది. ఎనిమిదేళ్లది. మూడు రోజుల్నుంచి వాంతులు, విరేచనాలు. నన్ను దాని దగ్గరికి పోనివ్వు."

అది నిజం. ఆ మాట అంటుంటే అతని కళ్లు నిండలేదు. నిండటానికి ఒంట్లో తడి ఉండాలి.

మెకానిక్ భుజం మీది నూనెగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"మంచాలు తియ్యండి. పిల్లల నీళ్లు దోచుకుని మనం బాగుపడేదేం లేదు."

గడ్డపారవాడు గొణిగాడు. మెకానిక్ వాడి భుజం మీద చెయ్యి వేసి పక్కకు తప్పించాడు. మంచాలు ఒక్కొక్కటే లేచాయి. ఆయన మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"రేపూ ఈ దారినే వస్తావా?"

"రమ్మన్నారు బాబాయ్."

"రా. నువ్వు కనపడని రోజు వీళ్లని ఆపడం నావల్ల కాదు."

బండి కదిలేలోపు ఒక ముసలమ్మ అడ్డం వచ్చింది. కొంగు చాటునుంచి చిన్న సీసా తీసింది. అందులో సగానికి నీళ్లున్నాయి.

"సముద్రం వెనకేసుకు తిరుగుతూ నీ పెదాలు చూడు ఎలా పగిలాయో. ఒక్క గుక్క కూడా దొంగిలించనివాడివి. తాగు నాయనా."

వద్దన్నాడు. ఆమె వినలేదు. సీటు మీద పెట్టేసి వెళ్లిపోయింది.

దారి పొడవునా డ్రైవరు ఆ సీసా వంక చూడలేదు. ఈసారి పైకెక్కకుండా పక్కనే కూర్చున్న బావమరిదీ చూడలేదు. గోతులొచ్చినప్పుడల్లా అది దొర్లకుండా చేత్తో పట్టుకున్నాడు అంతే.

ఆసుపత్రి వెనక గేటు తెరుచుకుంది. బండి లోపలికి రాగానే మూసుకుంది. ఎప్పటిలాగే నర్సు ఒక్కతే ఎదురొచ్చింది. డ్రైవరు దిగి సీసా ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుని వెలుతురుకేసి ఎత్తి చూసింది. మీ పాపకు ముందు పట్టనా అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. వరసలోనే పట్టమన్నాడు.

తొమ్మిది రోజులుగా ఊరంతా చూస్తుండగా రోజూ వస్తున్న ఆ బండిలో, ఆసుపత్రికి చేరిన మొదటి నీళ్లు అవే.