చేదు కాగితం

"నాలుక మీద పెట్టుకుని ఎలా ఉందో చెప్పండి," అంటూ తిరుపతి నుంచి పరిశోధన కోసం మా పూతలపట్టు వచ్చిన అమ్మాయి తలా ఒక కాగితం ముక్క ఇచ్చింది.

నేను నోట పెట్టగానే ఉమ్మేశాను. వట్టి విషం!

నా తోడికోడలు వనజాక్షి మాత్రం తాపీగా చప్పరించింది. "ఏముండాదక్కా దీన్లో? ఉత్త కాగితమే గదా!"

"చేదును పసిగట్టే ప్రొటీను ఒకటి నాలుక మీద ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు కొందరిలో వేరేగా ఉంటుంది. వాళ్లకు ఈ చేదు తెలియదు," అంది ఆ అమ్మాయి రాసుకుంటూ.

నాకు లోలోపల పండగయింది. ఆరేళ్లుగా మా ఇంట్లో కాకరకాయ వనజాక్షే వండాలి. నేను ఉప్పేసి పిసికి, మజ్జిగలో నానబెట్టి వండితే అత్త బాగలేదంటుంది. అది కోసింది కోసినట్టే పోపులో వేస్తుంది. ఆ ముద్ద నాకు గొంతు దిగదు. అత్త మాత్రం, "బాగుండాది మే, ఇంగొంచెం ఎయ్యి" అంటుంది. ఇద్దరివీ ఒకే మొద్దు నాలుకలన్నమాట! ఇక ఆ మెచ్చుకోలుకు విలువేముంది?

"మా అత్తకూ ఒకటియ్యమ్మా," అన్నాను.

అత్త కాగితం నోట్లో పెట్టుకుంది. మొహమంతా ముడుచుకుపోయింది. వాకిట్లోకి ఉరికి ఉమ్మింది. వనజాక్షి నీళ్లకోసం లోపలికి పరుగెత్తింది.

అత్త నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది. "అచ్చం దాని కాకరకాయ మాదిరే ఉండాది. దానికి సెప్పొద్దు మే, మనసు నొచ్చుకుంటాది."

నా కూరలో ఉప్పు రవ్వంత తగ్గితే కంచం పక్కకు నెట్టే మనిషి, ఆరేళ్లుగా ఆ చేదంతా తెలిసి తెలిసీ మింగింది.